మూడో అంతస్తులో అవ్వ

యాదమ్మ ఫోన్ చేసి, "చెల్లె, ఐతారం ఏం పని వెట్టుకోకు. మా సెంటర్ల పిల్లలకు సర్టిఫికెట్లు ఇయ్యాలె, నువ్వే చీఫ్ గెస్టువు," అంది. నేనెందుకు అంటే, "మా సారు ఎవరన్న పుస్తకాలు రాసేటోళ్లు ఉంటే చూడుమన్నడు. నాకు ఎరుకున్నదానివి నువ్వొక్కదానివే," అని అసలు సంగతి చెప్పేసింది. సాహిత్యంలో నా స్థానం ఏమిటో అంత స్పష్టంగా ఇంతవరకు ఏ విమర్శకుడూ తేల్చలేదు. వెళ్లక తప్పలేదు. నార్సింగి దాటి రింగు రోడ్డు వైపు మళ్లితే ఒక అద్దాల భవనంలో ఉంది ఆ శిక్షణ కేంద్రం. జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే రంగు చొక్కాలు వేసుకుని, ఉచితంగా పెట్టే భోజనం తిని, అక్కడే ఉన్న హాస్టల్లో పడుకుని, ఆఫీసుల్లో చేసే పనులన్నీ నేర్చుకుంటున్నారు. సభ మొదలవడానికి ఇంకా సమయం ఉందని ఒక కుర్రాడు నన్ను చల్లటి గదిలోకి తీసుకుపోయి, మోటారు సైకిల్ హెల్మెట్ ముందు సగం విరిచినట్టున్న కళ్లద్దాలు నా మొహానికి తగిలించాడు.

"ఇప్పుడు మీరు ఒక పెద్ద ఆఫీసులో ఉన్నారు మేడమ్. ఎదురుగా లిఫ్టు ఉంది, ఎక్కండి. మూడు నొక్కండి," అన్నాడు. గాలిలో వేలు పెట్టి నొక్కాను. చప్పుడు లేకుండా తలుపులు మూసుకున్నాయి, చప్పుడు లేకుండానే తెరుచుకున్నాయి. తెల్లటి గోడలు, నిగనిగలాడే నేల, కుండీలో ఒక మొక్క. మనిషన్నవాడు లేడు. "ఇది మూడో అంతస్తేనా బాబూ?" అని అడిగాను. అవునన్నాడు. "మరి మా అవ్వేదీ?" అన్నాను. ఆ కుర్రాడు గబగబా నా కళ్లద్దాలు ఊడదీసి, మేడమ్‌కు కళ్లు తిరుగుతున్నట్టున్నాయి, నీళ్లు తెండని కేకేశాడు. వెనక నిలబడ్డ యాదమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ ప్రశ్న అర్థమయ్యేవాళ్లం లోకంలో ఇప్పుడు ముగ్గురమే మిగిలాం. ఒకతె యాదమ్మ, ఒకతెను నేను, మూడో మనిషి కొండాపూర్‌లో ఈ కథ ఎవరు మొదలుపెట్టినా మధ్యలో అందుకుని తానే చెప్పే మా అమ్మ.

మా నాయిన లిఫ్టు మనిషి. ఆబిడ్స్‌లో ఒక పాత నాలుగంతస్తుల కట్టడంలో, ఇత్తడి పిడి ఉన్న లిఫ్టులో, ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉద్యోగమంతా జనాన్ని పైకి తీసుకుపోయి కిందికి దించాడు. ఆ పని ఆయన ఒంటికి పట్టేసింది. ఇంట్లో గుమ్మం దాటినప్పుడల్లా చేయి దానంతటదే గేటు లాగినట్టు కదిలేది. వంటింట్లో అడుగు పెడుతూ "వంటిల్లు" అనీ, అరుగు మీదికి వస్తూ "అరుగు" అనీ పైకి చెప్పేవాడు. అమ్మ పొయ్యి దగ్గరినుంచి తల తిప్పకుండానే "ఎరుకే, దిగు" అనేది. పెళ్లిళ్లలో బంతి దగ్గర తోపులాట జరిగితే ఆయన లేచి, రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఆరుగురే, ఆరుగురే" అని అరిచేవాడు. ఖాకీ చొక్కా ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తానే చేసుకునేవాడు. తడిపిన ఖాకీ మీద వేడి పెట్టె పాకినప్పుడు వచ్చే ఆవిరి వాసన, పక్కనే అవ్వ చిన్న రోట్లో దంచుకునే తమలపాకు వాసన, ఈ రెండూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. ఇప్పటికీ ఎక్కడైనా బట్టలు ఇస్త్రీ చేస్తుంటే ఎందుకో తమలపాకు కోసం వెతుకుతాను.

ఆ పాత కట్టడంలో కొత్త లిఫ్టు పెట్టారు. అది తనంతట తానే తలుపు మూసుకుంటుంది, తనంతట తానే ఆగుతుంది. నాయినకు శాలువా కప్పి, పూలదండ వేసి ఇంటికి పంపించారు. "నా జాగల ఇంకో మనిషి వచ్చిండంటే మంచిగుండు. గోలీ అంత బటన్ వచ్చె," అని ఆయన చాలా రోజులు అదే మాట అన్నాడు. సాయంత్రాలు కొండాపూర్ నుంచి నడుచుకుంటూ పోయి, అప్పుడప్పుడే లేస్తున్న అద్దాల భవనాల ముందు నిలబడి, తల వెనక్కి వాల్చి చూసి వచ్చేవాడు. మా చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్న బండల మీద ఆ భవనాలు లేస్తుంటే మేం భయపడ్డాం, ఆయన మాత్రం ఎన్ని లిఫ్టులు ఉంటాయో అని ఆలోచించేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "కట్టేటప్పుడు అన్ని అంతస్తులు కూలోళ్లయే. కట్టుడు కాంగనే గేటు కాడనే ఆపుతున్రు. ఎందుకంటవ్? లోపట ఎట్ల నిలవడాలె, ఎట్ల మాట్లాడాలె, వాళ్లకు ఎవలు నేర్పిన్రు?" అన్నాడు. అమ్మ పప్పు వడ్డిస్తూ, "ఇగ నువ్వు నేర్పు పో," అంది. ఆమె వెటకారానికి అన్నది. ఆయన అది ఆమోదం అనుకున్నాడు.

వారం తిరక్కుండా మా ఇంటి గోడ మీద పెయింటరు చేత 'కొండాపూర్ ఆధునిక ఉద్యోగ శిక్షణాలయం' అని రాయించాడు. కింద 'ప్రవేశం ఉచితం, చెప్పులు బయట విడువవలెను' అని ఉండేది. గురువు ఆయన. సహాయ గురువును నేను, ఎందుకంటే అప్పుడే ఇంటర్ పాసై డిగ్రీలో చేరాను, ఇంట్లో అంకెలు ఇంగ్లీషులో రాయగలిగింది నేనొక్కదాన్నే. పని ముగించుకుని, నీళ్లు పోసుకుని, తల దువ్వుకుని సాయంత్రం పూట కూలీలు వచ్చేవాళ్లు. సలాం ఎట్లా చేయాలి, తలుపు ఎట్లా పట్టుకోవాలి, పెద్దసారు ఎదురైతే ఎంత పక్కకు జరగాలి, ఇవి పాఠాలు. అసలు పాఠం మాత్రం లిఫ్టు. లిఫ్టు రానివాడికి ఉద్యోగం రాదని నాయిన నమ్మకం. అందుకని డాబా మెట్ల కింద ఉల్లిగడ్డలు, ఎండుమిరపకాయల బస్తా పెట్టుకునే చిన్న గదిని లిఫ్టు చేశాడు. పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఛానల్ గేటు తెచ్చి బిగించాడు. కొత్త లిఫ్టులకు పిడి ఉండదు కదా అని నేను గుర్తుచేస్తే, ఒక చెక్కకు సోడామూతలు కొట్టి, వాటి మీద నాచేత అంకెలు రాయించి బటన్లు చేశాడు. పక్కనే పిడి కూడా పెట్టాడు. ఏది తిప్పినా పోయేది నా లిఫ్టే కదా అనేవాడు.

అది ఎక్కడికీ పోయేది కాదని వేరే చెప్పక్కరలేదు. కానీ ఎక్కినచోటే దిగితే నేర్చుకునేవాళ్లకు నమ్మకం కుదరదని నాయిన అభిప్రాయం. లిఫ్టు కదలదు కాబట్టి ఇల్లే కదలాలి. గేటు మీద పాత దుప్పటి వేలాడదీసి, ఎక్కినవాళ్లకు బయట ఏం జరుగుతున్నదీ కనపడకుండా చేశాడు. లోపల ఆయన "మొదటి అంతస్తు" అని కేక వేసేలోగా, బయట అమ్మా నేనూ కలిసి గేటు ముందుకు కుట్టుమిషన్ లాగాలి. రెండో అంతస్తుకు మిషన్ పక్కకు నెట్టి ఇత్తడి గంగాళం జరపాలి. మూడో అంతస్తుకు మా నాయిన తల్లి, మా అవ్వ, కూర్చున్న మంచాన్ని ఆమెతో సహా తెచ్చి ఎదురుగా వేయాలి. నాలుగో అంతస్తుకు ఇంట్లో సామాన్లు అయిపోయాయి. నాయిన కాసేపు ఆలోచించి, అవ్వను అటు తిరిగి కూర్చోమన్నాడు. ముందుకు తిరిగితే మూడు, వీపు కనపడితే నాలుగు. "పెద్దదాన్ని, గోడ మొకాన కూసోవెడ్తవారా? నేను నాలుగో అంతస్తుకు రాను, పో," అని అవ్వ మొండికేసిన రోజుల్లో మా భవనం మూడంతస్తులతోనే ఆగిపోయేది. పొయ్యి మీద పప్పు మాడిందంటే ఆ రోజు పాఠం పైదాకా పోయినట్టు లెక్క. మిషన్ షాబాదు బండల మీద గరగరమని పెద్దగా చప్పుడు చేసేది. లిఫ్టు కదిలే చప్పుడు అట్లాగే ఉంటుందని మా శిష్యులందరూ అనుకున్నారు, నాయిన కూడా కాదనలేదు.

యాదమ్మ అప్పుడు వచ్చింది. నారాయణపేట వైపు మనిషి. పెనిమిటి ఊళ్లో ఇంకొకామెతో సంసారం పెట్టుకుంటే, కూతురిని చంకనేసుకుని కూలీల లారీ ఎక్కి వచ్చింది. మాకు దగ్గరలోనే కడుతున్న ఒక భవనానికి ఇసుకా కంకరా మోసేది. కూతురు స్వరూప కొండాపూర్ సర్కారు బడిలో రెండో తరగతి. తల్లి పక్కన నడుస్తూ దుకాణాల బోర్డులన్నీ గట్టిగా చదువుకుంటూ పోయే పిల్ల. భవనం పని అయిపోవస్తోంది, కింది అంతస్తుల్లో ఆఫీసులు అప్పటికే తెరిచారు. అయిపోగానే అందరినీ పుణెకు తీసుకుపోతానని మేస్త్రీ చెప్పాడు. "ఊరూరు తిరిగి ఈడ నిలవడ్డ సార్. ఇప్పుడు బడి మాన్పిస్తే ఇగ పిల్ల మల్ల బడి మొకం చూడది. ఏ పనైనా సరే, నీడపట్టున ఉండాలె, ఈడనే ఉండాలె," అని నాయిన ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ భవనంలోనే ఊడ్చి తుడిచే పనికి మనుషులను తీసుకోబోతున్నారని ఆమెకు తెలుసు. మేస్త్రీ లారీ వచ్చేలోపు ఆ పని దొరకాలి, అంతే. నాయిన ఆమెను తేరిపార చూసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. లిఫ్టు ఎక్కు," అన్నాడు.

నెత్తిన తట్టతో, ఊగే చెక్కల మీద, పట్టుకోవడానికి ఏమీ లేని ఎత్తుకు చకచకా ఎక్కిపోయే మనిషి మా మెట్ల కింద గదిలో గేటు పడగానే గజగజ వణికింది. దుప్పటి కిందికి దిగగానే తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. అక్కడ నిలబడితే మిరపకాయల ఘాటుకు ఎవరికైనా తుమ్మొస్తుంది. "లిఫ్టుల తుమ్మొద్దు," అన్నాడు నాయిన. "మిరపకాయలు సార్," అంది ఆమె. "పెద్ద ఆఫీసులల్ల ఏమేం ఉంటయో మనకేం ఎరుక? అలవాటు చేసుకో," అని ఆయన కచ్చితంగా చెప్పాడు. కొన్నాళ్లకు తుమ్ము పోయింది, వణుకూ పోయింది, సోడామూతల మీది అంకెలు స్వరూప నేర్పించింది. వేరేవాళ్లు ఎక్కితే "ఎన్నో అంతస్తు సార్?" అని నిటారుగా నిలబడి అడగడం కూడా వచ్చింది. పాతకాలపు లిఫ్టు మర్యాద అంతా నాయిన ఆమెకు పూసగుచ్చినట్టు నేర్పాడు. ఒక్కటే రాలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే తల దించుకుని, కొంగు నోట్లో పెట్టుకుని, నేలకు జవాబు చెప్పేది.

అది వదిలించింది అవ్వ. మూడో అంతస్తులో గేటు తెరుచుకోగానే ఎదురుగా ఆమె ఉంటుంది కదా. ఒడిలో ఆకులపెట్టె, నోట్లో తమలపాకు, చెవులు కొంచెం మందం, ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకోకపోతే నిద్ర పట్టని మనిషి. వచ్చినవాళ్లను ఊరికే పోనిచ్చేది కాదు. "ఏ ఊరు బిడ్డా? ఇంట్ల ఎవలెవలున్నరు? ఏం పని మీదొచ్చినవ్?" అని వరసగా అడిగేది. యాదమ్మ గొణిగితే, "నాకు చెప్తున్నవా, నీ కాలివేళ్లకు చెప్తున్నవా? తల లేపి గట్టిగ చెప్పు," అని కసిరేది. సరిగా చెప్పకపోతే, "ఈ పిల్లను కిందికి తోలుకపోరా, మల్ల పైకి తేపో," అని కొడుకును ఆజ్ఞాపించేది. అప్పుడు మేం గంగాళం, మిషన్ అన్నీ వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరపాలి. యాదమ్మ జవాబు బాగుంటే మా నడుములు బాగుండేవి. అందుకని అమ్మ దుప్పటి సందులోంచి, "గట్టిగ చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటది," అని బతిమాలేది. చివరికి అవ్వ తృప్తిపడితే పెట్టెలోంచి వక్కపలుకు తీసి చేతిలో పెట్టి, "మల్ల రేపొస్తవా?" అని అడిగేది. ఆ చివరి ప్రశ్న కూడా పరీక్షలో భాగమే అనుకున్నాం. యాదమ్మ ఆమె కళ్లలోకి చూసి, "వస్త అవ్వా," అని అరుగు దాకా వినపడేట్టు చెప్పేది.

ఉద్యోగానికి పిలిచిన రోజున నాయిన ఇస్త్రీ ఖాకీ తొడుక్కుని, ఇత్తడి గుండీలు చింతపండుతో తోమి, నన్ను వెంట పెట్టుకుని బయల్దేరాడు. యాదమ్మ మా అమ్మ చీర కట్టుకుంది. మూడో అంతస్తుకు పోయి మేడమ్‌ను కలవమని కబురు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నాయిన గుండీలు చూసి మొదట సెల్యూట్ చేసి, తర్వాత సంగతి తెలుసుకుని, "పిలిచినామె ఒక్కతే పోవాలె పెద్దాయనా," అన్నాడు. ఆ అద్దాల భవనం లిఫ్టును ఒక్కసారి దగ్గరినుంచి చూడాలని నాయిన కోరిక. అది అక్కడే ఆగిపోయింది. మేం రోడ్డుకు ఇవతల చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. ఎంతసేపటికీ యాదమ్మ రాలేదు. నాయిన చాయ్ చల్లారిపోయింది. "మూడో అంతస్తుకు ఇంతసేపా? మీ అమ్మ అయితే ఈపాటికి ఇల్లంత జరిపి, అన్నం గూడ వండుతుండె," అని పరేషాన్‌గా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

లోపల జరిగింది తర్వాత యాదమ్మ నోట విన్నాం. లిఫ్టులోకి వెళ్లి మూడు నొక్కింది. తలుపు మూసుకుంది. గరగర చప్పుడు లేదు, మిరపకాయల వాసన లేదు, అంతస్తు పేరు చెప్పే మనిషి లేడు. ఇది కదలడం లేదని ఆమె నిర్ణయించుకుంది. తలుపు తెరుచుకుంది. అవ్వ లేదు. ఇది మూడో అంతస్తు కాదని దిగలేదు. ఈలోగా ఎవరో ఇద్దరు ఎక్కారు. నేర్చుకున్న మర్యాద ఊరికే ఉండనిస్తుందా? "ఎన్నో అంతస్తు సార్?" అంది. వాళ్లు చెప్పారు, ఆమె నొక్కింది. వాళ్లు థాంక్యూ అన్నారు. ఇంకొందరు ఎక్కారు. అట్లా ఆ పొద్దున ఆ భవనంలో ఉద్యోగస్తులందరినీ పైకి తీసుకుపోయి కిందికి దించుతూ ఉండిపోయింది. మధ్యమధ్యలో మూడు దగ్గర తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల బయటపెట్టి అవ్వ మంచం కోసం చూసేది. లేదు. ఈ ఆలస్యానికి ఉద్యోగం పోయిందనే భయం ఒకవైపు, లారీ ఒకవైపు, పుణె ఒకవైపు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అడిగినవాళ్లకు అంతస్తు మాత్రం సరిగ్గా నొక్కింది.

పనికి మనుషులను తీసుకునే మేడమ్ పేరు ప్రసన్న, కృష్ణా జిల్లా వైపు ఆవిడ. రావలసిన మనిషి రాలేదని కింద కనుక్కుని, విసుగ్గా తిరిగి లిఫ్టు ఎక్కింది.

"ఎన్నో అంతస్తు మేడమ్?"

"మూడండి. అదేంటి, లిఫ్టులో మనిషిని పెట్టారా? నాకెవరూ చెప్పలేదే! కొత్తగా చేరారా?"

"చేరలే మేడమ్. చేరనీకె వచ్చిన."

"చేరడానికి వచ్చి ఇక్కడేం చేస్తున్నారమ్మా?"

"మూడో అంతస్తు కోసం చూస్తున్న మేడమ్."

"ఇదేనండి మూడో అంతస్తు. తలుపు తెరుచుకుంది, చూడండి."

"ఇది కాదు మేడమ్. ఇందాకటి సంది చూస్తనే ఉన్న. ఈడ మా అవ్వ లేదు."

ప్రసన్న మేడమ్ ఆమెను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, ఎవరా అవ్వ అని అడిగింది. యాదమ్మ మొత్తం చెప్పింది. మిషన్, గంగాళం, మంచం, వీపు తిప్పిన నాలుగో అంతస్తు, అన్నీ. లిఫ్టులో ఉన్నవాళ్లు తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి విన్నారట. మేడమ్ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, "సరే, ఆవిడ ఉంటే ఏం అడిగేదమ్మా?" అంది. తర్వాత తనే గొంతు సవరించుకుని, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. ఆ మాట చెవిన పడగానే యాదమ్మ తల దానంతటదే పైకి లేచింది. ఊరు చెప్పింది. ఇంట్లో ఎవరున్నారో చెప్పింది, పిల్ల బడి సంగతి చెప్పింది, ఎందుకొచ్చిందో చెప్పింది, ఆ అంతస్తంతా వినపడేట్టు. మేడమ్ అంతా విని, "రేపొస్తారా?" అంది. "వస్త అవ్వా," అనేసింది యాదమ్మ. అప్పటికి ఆ ప్రసన్న మేడమ్‌కు ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

గేటు బయటికి వచ్చిన యాదమ్మ, "రేపు రమ్మన్నరు సార్," అంటే నాయిన మొహం వాడిపోయింది. ఆఫీసుల్లో పని కాకపోతేనే రేపు రమ్మంటారని ఆయన అనుభవం. "ఉట్టిగ కాదు సార్, డ్యూటీకి. డ్రెస్సు గూడ ఇస్తరంట," అని ఆమె ఏడ్చేసింది. నాయిన చాయ్ బండివాడికి కూడా చాయ్ ఇప్పించాడు. ఇంటికి వచ్చాక లిఫ్టు సంగతులన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఆడ లిఫ్టుల మనిషే లేడు సార్," అని యాదమ్మ అంది. "అందుకే నీకు తొవ్వ దొరకలే," అన్నాడు నాయిన. మర్నాటి నుంచి పాఠాలు మారాయి. మిరపకాయల బస్తా వంటింట్లోకి పోయింది. చప్పుడు లేకుండా మిషన్ జరపమని అమ్మకు చెబితే, "నువ్వొచ్చి జరుపు, నేను పోయి లిఫ్టుల నిలవడ్త," అంది. దాంతో ఆ మార్పు ఒక్కటి అమలు కాలేదు. అవ్వను మాత్రం ఎవరూ కదపలేదు.

మా మెట్ల కింద ఎక్కి దిగినవాళ్లలో కొందరు సెక్యూరిటీకి పోయారు, కొందరు క్యాంటీన్లకు పోయారు, కొందరికి ఎందులోనూ చోటు దొరక్క పుణె లారీ ఎక్కారు. వాళ్ల పేర్లు నాయిన చివరిదాకా తలుచుకునేవాడు. రోడ్డు వెడల్పులో మెట్లు పోయాయి, లిఫ్టు పోయింది. అవ్వ పోయిన రోజు యాదమ్మ డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి, ఖాళీ మంచం పట్టుకుని, "నేనిప్పుడు ఏ అంతస్తుల దిగాలె అవ్వా," అని ఏడిస్తే, అంత దుఃఖంలోనూ అమ్మకూ నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాం. తర్వాత కొన్నేళ్లకు నాయినా పోయాడు. స్వరూప చదువు ఆగలేదు. ఇప్పుడు చందానగర్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతోంది. ఉద్యోగం నుంచి దిగాక యాదమ్మను ఈ అద్దాల కేంద్రంవాళ్లు పిలిచి, పిల్లలకు పని నేర్పమని పెట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే ఈ కేంద్రాన్ని చూస్తే నాయిన పొంగిపోయేవాడు. మాకు తెలిసింది ఒకే ఒక్క పని, అదీ అప్పటికే కాలం చెల్లిన పని. మేం నేర్పినదానిలో సగం తప్పు. ఇక్కడ కంప్యూటర్ నేర్పుతున్నారు, కారు నడపడం నేర్పుతున్నారు, జబ్బు చేస్తే దవాఖానకు తీసుకుపోతున్నారు, ఆడపిల్లలు ధైర్యంగా ఉండడానికి హాస్టల్ ఇచ్చారు. అప్పుడు ఇవన్నీ ఉండి ఉంటే లారీ ఎక్కినవాళ్లు ఎక్కేవాళ్లు కాదు. పాత రోజులే బంగారమని నేను అనను. కానీ ఆ కళ్లద్దాలలో మూడో అంతస్తు తలుపు తెరుచుకున్నప్పుడు అక్కడ ఎవరూ లేకపోవడం నా మనసును కలుక్కుమనిపించింది. ఆ కుర్రాడితో ఆ మాట అన్నాను. "యాదమ్మ ఆంటీ కూడా అదే అంటుంది మేడమ్. ఒక ముసలామెను పెట్టమని. సాఫ్ట్‌వేర్‌లో కుదరదని చెప్పాం," అన్నాడు.

సభ అయింది. రాసుకొచ్చిన ఉపన్యాసం సగం చదివి, మిగతా సగం పిల్లల ఆకలి మొహాలు చూసి వదిలేశాను. అందరూ బయటికి పోతుంటే తలుపు దగ్గర జనం ఆగిపోయారు. ఏమిటా అని చూస్తే, గుమ్మానికి ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని యాదమ్మ కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. ఒడిలో స్టీలు డబ్బా. వచ్చిన ప్రతి పిల్లనూ, పిల్లవాణ్నీ ఆపి, "ఏ ఊరు బిడ్డా? ఇంట్ల ఎవలెవలున్నరు? తల లేపు, గట్టిగ చెప్పు," అంటోంది. చెప్పినవాళ్ల చేతిలో డబ్బాలోంచి సోంపు పోసి వదులుతోంది. ఒక సన్నటి పిల్ల చెప్పలేక తల దించుకుంటే, "పోయి మల్ల రాపో," అని వెనక్కి పంపింది. ఆ పిల్ల నవ్వుతూ పోయి, వరస చివర నా వెనక నిలబడింది. నా వంతు వచ్చింది. పక్కకు జరిగి పోబోతుంటే నన్నూ వదల్లేదు.

"చీఫ్ గెస్టువైతే? చెప్పు చెల్లె. ఏం పని మీదొచ్చినవ్?"

"నిన్ను చూడనీకె వచ్చిన," అన్నాను.

నా చేతిలో సోంపు పోసి, గుప్పిట మూసి, తన రెండు చేతుల్లో పట్టుకుంది. అవ్వ వక్కపలుకు చేతిలో పెట్టి అడిగే ఆ చివరి ప్రశ్న పరీక్ష కోసం కాదని అప్పుడు అర్థమైంది. ఇంటినిండా మనుషులున్నా మంచం మీద ఒక్కతే కూర్చుండే ఆమెకు రేపు ఎవరైనా రావాలి, అంతే.

"మల్ల రేపొస్తవా?" అంది యాదమ్మ.

నా వెనకున్న పిల్ల కూడా వినేట్టు, తల ఎత్తి, గట్టిగా చెప్పాను. "వస్త అవ్వా."